ఇరవై రెండు ఫ్రేములు

సోమవారం పొద్దున తొమ్మిదింటికి, నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రలైటు దాటి ముందుకొచ్చి ఆగిన కారులో, ముల్లు అని అందరూ పిలిచే ఆవిడ ఊపిరి పీల్చడం మర్చిపోయి కూర్చుంది. ఎడమవైపు నుంచి వస్తున్న బస్సు కీచుమంటూ ఆగింది. దాని ముందు అద్దం కారు తలుపుకి జానెడు దూరంలో ఉంది. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చాలా అన్నాడు. అవేవీ ఇక్కడ రాయదగ్గ మాటలు కావు. వెనక సీట్లో ఏడేళ్ళ పాప, పైపెదవి మీద పాల మీసం ఇంకా తుడుచుకోకుండా, ఏమీ జరగనట్టే బొమ్మల పుస్తకం తిరగేస్తోంది.

స్టీరింగు పట్టుకున్న పెద్దాయన, ఆ పాప తాతయ్య, మాత్రం తాపీగా ఉన్నాడు. బ్రేకులు సాగాయనీ, మెకానిక్కుకి మొన్ననే చెప్పాననీ, వాడికి ఒక చెవిన వేస్తే ఇంకో చెవిలోంచి పోతుందనీ సణుక్కుంటూ కారు వెనక్కి తీశాడు.

బ్రేకులకి ఏ రోగమూ లేదు. రోగం ఎక్కడుందో, ఎంతుందో ఈ భూమ్మీద లెక్కతో సహా తెలిసినది ముల్లు ఒక్కతికే. తెలిసి కూడా వానకి తడవకుండా వెళ్ళొచ్చని ఆ కారెక్కింది చూడండి, అదీ ఆవిడ తెలివి. పాపని స్కూల్లో దింపేదాకా ఆవిడ కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

పెద్దాయనంటే ఊరికే వయసుకిచ్చిన పేరు కాదు. వీడియోగేముల కంపెనీకి ప్రెసిడెంటు. ఇరవయ్యేళ్ళప్పుడు సినిమాహాళ్ళ వరండాల్లో పెట్టే ఆట యంత్రాలు బాగుచేసేవాడు. యంత్రం వెనక తలుపు తీసి, లోపల స్క్రూలు బిగిస్తూ, సందులోంచి ఆడేవాళ్ళ మొహాలు చూసేవాడు. ఓడినవాడు తల గోక్కుని మళ్ళీ ఆడితే యంత్రం బాగున్నట్టు. ఓడినవాడు యంత్రాన్ని తంతే తప్పు యంత్రంలో ఉన్నట్టు. ఆయన చదివిన చదువంతా అదే. ఆ చదువుతోనే ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో, ఎండాకాలం తడిగుడ్డ నెత్తిన వేసుకుని మొదటి ఆట తయారుచేశాడు. నలభై ఏళ్ళకి ఆ షెడ్డు ఏడంతస్తుల మేడ అయింది. ఆయన ఆటలు ఆడి పెరిగిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకి అవే ఆటలు నేర్పుతున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకుని బయటికెళ్ళి సొంత కంపెనీలు పెట్టినవాళ్ళే పదిహేనుమంది దాకా ఉంటారు. ఆ పదిహేను చోట్లా, అడిగి చూడండి, హాలు మధ్యలో ఒక పొట్టి స్టూలు ఉంటుంది.

ఆ స్టూలు సంగతి చెప్పాలి. ఏ ఆటైనా ఈ మేడ దాటి బయటికి వెళ్ళాలంటే ముందు స్టూలు దాటాలి. పెద్దాయన వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. ఆట చేసినవాళ్ళంతా ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడతారు. అరగంట సేపు ఆయన మొదటినుంచి ఆడతాడు. ఆ అరగంటా ఎవరూ నోరు మెదపకూడదు. ఇలా నొక్కండి సార్, అటు వెళ్ళండి సార్ అనడానికి లేదు. బయట ఆడుకునే పిల్లల వెనక మీరు నిలబడి చెబుతారా అంటాడాయన. ఆడుతూ ఆడుతూ కంట్రోలర్ ఒకసారి కింద పెట్టాడా, అందరి గుండెల్లో రాయి పడ్డట్టే. రెండోసారి పెడితే ఆ ఆట మళ్ళీ ఏడాది పనికి వెనక్కి పోతుంది. ఒకాయన తుమ్మొస్తే ముక్కు నులుముకుని, కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఆపుకుని, తర్వాత మూడు రోజులు తలనొప్పితో సెలవు పెట్టాడని ఇప్పటికీ నవ్వుకుంటారు.

నవ్వుకోని కథ ఇంకోటుంది. ఆయన సొంత మేనల్లుడు, బొమ్మలు వేసేవాడు, ఒక తప్పుని గోడ బొమ్మ వెనక దాచి ఆటని స్టూలు దాటించాడు. విషయం బయటపడ్డ రోజు సాయంత్రానికి వాడి బల్ల ఖాళీ అయింది. చెల్లెలు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా పెద్దాయన కరగలేదు. ఆడేవాడు ఓడిపోతే ఫర్వాలేదట, మోసపోకూడదట. ఆ మేనల్లుడితో పన్నెండేళ్ళయినా మాటల్లేవు.

ఇక ముల్లు. ఒకప్పుడు ఆ వరండాల్లోనే యంత్రాల అద్దాలు తుడిచే పిల్ల. ఆడేవాళ్ళ అరుపులు విని, తెర చూడకుండానే, ఫలానా యంత్రంలో ఫలానా బటన్ అంటుకుపోతోందని చెప్పేది. పెద్దాయన అది గమనించి తెచ్చి కంపెనీలో పెట్టాడు. తప్పు ఎక్కడున్నా తక్కెడ ముల్లులా అటే వంగి చూపిస్తుందని ఆ పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడావిడకి యాభై రెండేళ్ళు. తయారైన ఆటల్లో తప్పులు వెతికే టెస్టర్లందరికీ పెద్ద. పెద్దాయన నమ్మేది ఇద్దర్నే, ఒకటి తన చేతుల్ని, రెండోది ఈవిణ్ణి.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆయన స్టూలు మీద కూర్చుని ఆటలోని ఒక గొయ్యి దగ్గర ఏడుసార్లు పడ్డాడు. కంట్రోలర్ కింద పెట్టి, గొయ్యి తప్పు, సరిచెయ్యండి అని లేచిపోయాడు. సాయంత్రం ముల్లు యంత్రం లోపలి రికార్డు తీసి చూసింది. గట్టు అంచు ఎప్పుడొచ్చిందో, దూకడానికి వేలు ఎప్పుడు నొక్కిందో యంత్రం అంతా రాసిపెట్టుకుంటుంది. తెర మీద బొమ్మ సెకనుకి అరవైసార్లు మారుతుంది. ఆ ఒక్కో మార్పుని ఫ్రేము అంటారు. పెద్దాయన వేలు ప్రతిసారీ ఆరు ఫ్రేములు ఆలస్యంగా పడింది. గొయ్యి సరిగ్గానే ఉంది.

ఆ మాట వెళ్ళి ఆయనకి చెప్పే దమ్ము ఆవిడకి లేకపోయింది. అందుకని, ఆ రోజు ఏ దెయ్యం పట్టిందో గానీ, స్టూలు కోసం విడిగా ఒక కాపీ చేసింది. అందులో ప్రతి గట్టు చివరా కంటికి కనిపించని గట్టు ఇంకాస్త ఉంటుంది. వేలు ఆలస్యమైనా కాలు జారదు. వారం తర్వాత పెద్దాయన చకచకా ఆడేసి, చూశారా, ఇప్పుడు గొయ్యి కుదిరింది అన్నాడు. అరవైమంది చప్పట్లు కొట్టారు. ముల్లు కూడా కొట్టింది.

అలా మొదలైంది. ప్రతి ఆటకీ ఒక స్టూలు కాపీ. ఆరు ఫ్రేములు తొమ్మిదయ్యాయి, తొమ్మిది పద్నాలుగయ్యాయి. విడ్డూరం ఏంటంటే, తన చేతికి మరీ తేలిగ్గా ఉందని పెద్దాయన ఇంకా బిగించమనేవాడు. బయట పిల్లల చేతికి వెళ్ళే అసలు కాపీ బిగుసుకుపోయి, మీ ఆటలు ఈమధ్య చంపుతున్నాయి బాబోయ్ అని ఉత్తరాలు రావడం మొదలైంది. పోయిన నెల ముల్లు కొలిచినప్పుడు లెక్క ఇరవై రెండుకి చేరింది.

సోమవారం ఆ కూడలి నుంచి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాక, వద్దు వద్దు అనుకుంటూనే కాగితం మీద వేసి చూసింది. నలభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఇరవై రెండు ఫ్రేముల్లో నాలుగు మీటర్లు వెళుతుంది. దాదాపు ఒక కారు పొడవు. అంటే ఆయన బ్రేకు వేశాననుకున్న చోటికీ, నిజంగా వేసిన చోటికీ మధ్య ఒక కారు పడుతుంది. లేదా ఒక మనిషి.  కాగితం చింపి, ముక్కలు మళ్ళీ చింపి, బుట్టలో వెయ్యడానికి భయపడి సంచిలో దాచుకుంది.

మంగళవారం పెద్దాయన కూతురు వచ్చింది. మందుల షాపు నడుపుతుంది. చిన్నప్పుడు ఈ టెస్టింగ్ గదిలోనే బల్లల కింద దూరి ఆడుకున్న పిల్ల. నిన్న సాయంత్రమే పాప నోట బస్సు సంగతి విన్నదట. నాన్న చెయ్యి వణుకుతోందనీ, నరాల డాక్టరు కారు ముట్టుకోవద్దని ఎప్పుడో చెప్పాడనీ, ఈయనేమో డాక్టర్ని పురుగులా తీసిపారేస్తున్నాడనీ గడగడా చెప్పుకుపోయింది.

"నా పరీక్ష నాకుంది, స్టూలు మీద పాసవుతున్నంత కాలం నా చేతులకేం రోగమంటాడక్కా," అంది. "అందుకే నిన్నే అడగడానికొచ్చాను. నువ్వు అబద్ధం చెప్పవు. నిజంగా పాసవుతున్నాడా?"

 ఇక్కడే, ఈ ఒక్క చోటే, ముల్లు నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. కానీ మేనల్లుడి ఖాళీ బల్ల కళ్ళముందు కదిలింది. ముప్ఫై ఏళ్ళ అన్నం కదిలింది. అవుతున్నారు అని చెప్పింది.

కూతురు బరువంతా దింపుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలింది. అయితే సరేనంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర నాన్నా తనూ ఒక మాట అనుకున్నారట. శుక్రవారం కొత్త ఆట స్టూలెక్కుతుంది కదా, అందులో పాసైతే శనివారం పాపని కారులో కొండ మీది చెరువుకి తీసుకెళ్ళనిస్తుందట, ఇక మీదట డ్రైవింగు గురించి నోరెత్తదట. పాసవ్వకపోతే ఆయనే తాళాలిచ్చేస్తాడట. కొండ దారిలో నలభై మలుపులున్నాయి. ఒక పక్కంతా లోయ.

ఆవిడ వెళ్ళిపోయాక ముల్లు ఆ రోజుకి పని కట్టిపెట్టి ఇంటికెళ్ళింది. 

ముల్లు మొగుడు కట్టుడు పళ్ళు చేస్తాడు. ఇంటి వెనక గదిలో బల్ల, దాని మీద వరసగా ఎవరెవరివో దవడల అచ్చులు. ఆ సాయంత్రం ఆవిడ ఆ బల్ల అంచున కూర్చుని మూడేళ్ళ కథా కక్కేసింది. ఆయన వింటూనే ఒక పన్ను అరగదీశాడు. విన్నాక దాన్ని కింద పెట్టాడు. ఆయన మామూలుగా నవ్వించే మనిషి, ఆ దవడలతో కూడా మాట్లాడించేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"ముప్ఫై ఏళ్ళుగా పళ్ళు కడుతున్నాను," అన్నాడు. "పెట్టుకున్నవాడికి తెలియకుండా ఒక్క పన్ను కూడా పెట్టలేదు. తెలిస్తేనే కదా, గట్టివి కొరక్కుండా జాగ్రత్తగా ఉంటాడు."

ఉద్యోగం పోతుందండీ అంది ముల్లు. పోతే పోనీ అనలేదాయన. పోతుంది అని మాత్రం ఒప్పుకున్నాడు. అది విని ఆవిడకి ఇంకా భయమేసింది. ఎవరైనా ఏం కాదులే అంటే బాగుండుననిపించింది.

గురువారం డైరెక్టర్ వెంటపడ్డాడు. కొత్త ఆట నడిపిస్తున్నది ఇతనే. స్టూలు కాపీ సంగతి ముల్లు కాక తెలిసిన మనిషి కూడా ఇతనొక్కడే. కాపీ సిద్ధమేనా అక్కా అని పొద్దున్నుంచి నాలుగుసార్లు అడిగాడు. ఆవిడ నీళ్ళు నమిలేసరికి అనుమానమొచ్చి, మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి బతిమాలాడు. అరవైమంది రెండేళ్ళ కష్టం, ఈ ఒక్కసారికీ గడవనివ్వు, తర్వాత మనిద్దరం వెళ్ళి నెమ్మదిగా చెబుదాం అన్నాడు. ఈ నెమ్మదిగా అన్న మాటని మూడేళ్ళుగా ఆవిడే తనకి తను చెప్పుకుంటూ వచ్చింది. ఇంకొకరి నోట వింటే అదెంత చచ్చు మాటో తెలిసింది. అయినా సరేనని తలూపింది. భయపడ్డ మనిషి తల అలాగే ఊగుతుంది, దాన్ని పట్టించుకోకండి.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ముల్లు సంచిలో రెండు పెన్‌డ్రైవులున్నాయి. నల్లది స్టూలు కాపీ. తెల్లది అసలుది. హాల్లో అరవైమందీ అప్పటికే చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొందరు కొత్త చొక్కాలు తొడుక్కొచ్చారు. కాపీ ఎక్కించడం ఎప్పుడూ ముల్లు పనే. ఆవిడ యంత్రం దగ్గర వంగింది. వీపు మీద చెమట కారుతుంటే తెలుస్తోంది. నల్లది చేతిలోకి తీసింది. పెట్టబోయింది. పాల మీసం గుర్తొచ్చింది. నల్లదాన్ని పిడికిట్లో బిగించి తెల్లది పెట్టింది. వెనక్కి వచ్చి నిలబడ్డాక, ఎంత పని చేశానురా దేవుడా అని లోపల ఏడ్చింది. వెళ్ళి తీసేద్దామా అని కూడా చూసింది. అప్పటికే పెద్దాయన లోపలికొచ్చాడు.

ఆయన హుషారుగా ఉన్నాడు. రేపు మా మనవరాలితో కొండెక్కాలి, తొందరగా కానివ్వండి అని నవ్వించి, స్టూలు మీద కూర్చున్నాడు. కంట్రోలర్ అందుకుని వేళ్ళు విరుచుకున్నాడు.

మొదటి గొయ్యిలో పడ్డాడు.

అందరూ నవ్వుమొహాలతోనే ఉన్నారు. ఒకసారి పడ్డం మామూలే. రెండోసారి పడ్డాడు. మూడోసారి పడ్డప్పుడు డైరెక్టర్ మెల్లిగా తల తిప్పి ముల్లు వైపు చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ నేల చూసింది. తెర మీది బొమ్మ పరిగెత్తుకొచ్చి, అంచు దాటి, గాల్లో కాళ్ళాడించి కిందికి పోతోంది. ప్రతిసారీ అది పోయాక బటన్ టక్కుమంటోంది. ఆ టక్కు ఎంత ఆలస్యంగా వినిపిస్తోందో హాల్లో ఉన్న వాళ్ళెవరికీ అర్థం కాలేదు. ముల్లుకి మాత్రం ఒక్కో టక్కూ గుండె మీద కొట్టినట్టే ఉంది.

తొమ్మిదోసారి పడ్డాక పెద్దాయన కంట్రోలర్ కింద పెట్టాడు. వెనక వరసలో ఎవరో అమ్మాయి వెక్కింది, వెంటనే నోరు మూసుకుంది.

"గొయ్యి తప్పు," అన్నాడాయన తెరవైపే చూస్తూ.

"గొయ్యి సరిగ్గానే ఉంది సార్."

నలభై ఏళ్ళలో స్టూలు వెనక నుంచి వినబడ్డ మొదటి మాట అది. అన్నది తనేనని ముల్లుకి కూడా ఒక క్షణం తర్వాత గాని తెలియలేదు.  పెద్దాయన స్టూలు మీదే వెనక్కి తిరిగాడు. మొహంలో కోపం లేదు, అదే ఇంకా భయంగా ఉంది. చేత్తో తలుపు చూపించాడు. అరవైమందీ చెప్పుల చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయారు. డైరెక్టర్ ఆఖరున వెళ్ళాడు.

ముల్లు పిడికిలి విప్పి నల్ల పెన్‌డ్రైవు ఆయన ముందు పెట్టింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కనిపించని గట్టు సంగతి, రికార్డుల సంగతి, బిగించమన్నప్పుడల్లా పిల్లల కాపీ ఎలా బిగుసుకుందో ఆ సంగతి, చివరికి కూతురితో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పింది. చెబుతూ ఆయన చేతులే చూసింది, మొహం చూసే ధైర్యం లేదు.

"ఎంత?" అన్నాడు.

"ఇరవై రెండు ఫ్రేములు సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళ కిందట ఆరు. అప్పటినుంచి పెరుగుతూనే ఉంది."

తిడతాడని ఎదురుచూసింది. తిట్టు ఇంకో నిమిషంలో వస్తుందనుకుంది. ఆయన తన కుడి బొటనవేలిని ఎడం చేత్తో పట్టుకుని, అది తనది కానట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఉన్నట్టుండి దాన్ని వదిలేశాడు.

"బుధవారం," అన్నాడు.  "స్కూలు దగ్గర ఒక పిల్ల అడ్డమొచ్చింది. తెల్లగీతల మీదే రోడ్డు దాటుతోంది. నేను సమయానికే బ్రేకు వేశాను ముల్లూ. వేశాననే అనుకున్నాను. బంపరు దాని సంచికి తగిలింది. నేను కారు దిగి..."

ఆగిపోయాడు.  మళ్ళీ ఆయనే అందుకున్నాడు. దిగి, ఆ పిల్ల చెవి పట్టుకుని మెలిపెట్టాడట. కళ్ళు నెత్తికెక్కాయా అన్నాడట. ఇంకెప్పుడూ అడ్డం రానని చెప్పించుకునేదాకా వదల్లేదట. మనవరాలు వెనక సీట్లోంచి చూస్తూనే ఉందట.

ఈ కంపెనీలో చేరాక ముల్లు ఆయన కోపం చూసింది, గెలుపు చూసింది, భార్య పోయినప్పుడు దుఃఖం కూడా చూసింది. ఆయన భయపడటం మాత్రం అప్పుడే చూసింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆ వణుకు ఆపడానికి నొక్కిపట్టి, ఆపలేకపోయాడు. అది చూసి ఆవిడకి తన ఉద్యోగం మీది భయం ఎటు పోయిందో పోయింది. దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చుంది. మూడేళ్ళుగా తను దాచింది ఈయన చేతుల ఆలస్యాన్ని, అందుకు పణంగా పెట్టింది ఆ గీతల మీద నడిచే పిల్లల్ని అని అర్థమైంది. అంత భయం ఆవిడ జన్మలో ఎరగదు.

ఆయన లేచి తలుపు తెరిచాడు. అందర్నీ లోపలికి రమ్మన్నాడు. వచ్చి మళ్ళీ చేతులు కట్టుకున్నారు. ఆయన స్టూలు మీద కూర్చుని, తెల్ల కాపీ మీదే, అరగంటలో మిగిలిన సేపంతా ఆడాడు. ఆడాడంటే పడ్డాడు. పడి లేచి పడ్డాడు. మొదటి గొయ్యి ఒక్కసారి కూడా దాటలేదు. వెనక ఏడుస్తున్నవాళ్ళు శబ్దం లేకుండా ఏడ్చారు. గడియారం మోగాక కంట్రోలర్‌ని కింద పెట్టకుండా పక్కకి తిరిగి డైరెక్టర్ చేతిలో పెట్టాడు.

"ఆట బాగుంది, పంపించండి," అన్నాడు. "కాస్త వదులు చేసి పంపించండి, పిల్లలు కదా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏం జరిగిందో తెలియకపోయినా, కొట్టకూడదని తెలిసింది. ఆయన ఫోన్ తీసి కూతురికి చేసి రెండే రెండు మాటలు చెప్పాడు. తర్వాత ముల్లు వైపు తిరిగి, స్కూలు ఎన్నింటికి వదులుతారని అడిగాడు. మూడున్నరకి అంది. నాతో నడిచి రాగలవా అని అడిగాడు. ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

ఇరవై నిమిషాల నడక. దారి పొడుగునా ఆయన ఒకటే అన్నాడు. ఎర్రగా కందిపోయిన చెవి గుర్తుంది గానీ మొహం గుర్తు లేదట. మొహం చూడనేలేదట. రోడ్డు దాటాల్సిన చోటల్లా ముల్లు చెయ్యి పట్టుకున్నాడు.

గేటు తెరిచారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. మనవరాలు తాతయ్యని చూసి పరిగెత్తుకొచ్చి, కారేదని అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా పాప తల మీద చెయ్యి వేసి, వస్తున్న ప్రతి మొహాన్నీ వెతుకుతున్నాడు. వందమంది దాటారు, రెండొందలమంది దాటారు. ఎవరిని చూసినా ఆ పిల్లే అనిపిస్తోందేమో, ఒక్కొక్కరి వైపూ ఒక అడుగు వేసి ఆగిపోతున్నాడు.

ఆయన వెతకనక్కర్లేకపోయింది. నలుగురు స్నేహితురాళ్ళతో నవ్వుకుంటూ వస్తున్న పన్నెండేళ్ళ పిల్ల ఒకతి పెద్దాయన్ని చూసి టక్కున ఆగింది. నవ్వు ఆగిపోయింది. కుడి చెయ్యి దానంతటదే లేచి చెవిని కప్పుకుంది.

పెద్దాయన ఇంకో అడుగు వెయ్యబోతే పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన అక్కడే నిలబడిపోయాడు. అందరూ వింటుండగానే చెప్పాడు.

"తప్పు నాదేనమ్మా. నువ్వు సరిగ్గానే దాటావు. నేనే ఆగలేకపోయాను."

పిల్ల ఆయన మొహం చూసింది, ఆయన చేతులు చూసింది. ఆ చేతులు ఎక్కడికి కదులుతాయోనని చూసింది.

"ఇంకెప్పుడూ అడ్డం రానండీ," అంది. చెవి మీది చెయ్యి తియ్యలేదు.